అలల దారులు – 9: రాతి మీద లేని నెల

కిందటి భాగంలో మోటుపల్లి రేవు దగ్గర ఆగాం. గాలివానకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఆ నేల ఏలే రాజు లాగేసుకోవడం ఒకప్పుడు మామూలు సంగతి. కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించి ఆ అలవాటు మాన్పించాడని చెప్పుకున్నాం. సముద్ర వర్తకులకు అలాంటి ధైర్యాన్నే ఇచ్చిన రేవు పడమటి తీరంలో ఒకటుంది. అది కాలికట్, ఇప్పటి కోళికోడ్. 1442లో అక్కడ దిగిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ ఆ రేవు నమ్మకాన్ని మెచ్చుకుంటూ రాశాడు. సరుకు దించి మళ్ళీ తిరిగి చూసుకోకపోయినా సుంకం అధికారులే కాపలా పెడతారట. అమ్ముడుపోతే నలభయ్యో వంతు తీసుకుంటారు, పోకపోతే పైసా అడగరు. దారి తప్పి వచ్చిన ఓడను కూడా అక్కడ ఎవరూ ముట్టుకోరని ఆయన ప్రత్యేకంగా చెప్పాడు. ఆ తర్వాతే ఆయన దేవరాయల కొలువు చూడడానికి విజయనగరం వెళ్ళాడు. ఆ కథ మన ధారావాహికలో ఇంకా ముందుంది.

ఈ వారం ఆ కోళికోడ్‌కు ఉత్తరంగా 16 కిలోమీటర్ల దూరంలో, కప్పాడ్ అనే ఊళ్ళో ఉన్న ఒక చిన్న స్తంభం గురించి.

కప్పాడ్ వెళ్ళడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కాచిగూడలో మంగళూరు బండెక్కితే అది పాలక్కాడ్ మీదుగా కోళికోడ్ చేరుస్తుంది. స్లీపర్ బెర్తు, వీపుకో సంచి, మొదటి పూటకు ఇంటి పులిహోర ఉంటే చాలు. మా మిత్రబృందం కావాలనే జూన్‌లో బయల్దేరింది. వానలు మొదలయ్యాక ఆ తీరానికి వచ్చేవాళ్ళు తగ్గిపోతారు. లాడ్జిలో గదులు చవకగా దొరుకుతాయి, బేరానికీ ఒప్పుకుంటారు. కోళికోడ్‌లో కొయిలాండి వైపు వెళ్ళే బస్సెక్కి తిరువంగూర్ దగ్గర దిగాలి. అక్కణ్ణుంచి ఆటో ఉంది, నడక కూడా పెద్ద కష్టం కాదు. దారి పొడుగునా కొబ్బరి తోటలు, లాటరైట్ రాళ్ళ ప్రహరీలు, వాటి మీద పచ్చగా పట్టిన నాచు. చివర సముద్రం. ఒక పక్క నీళ్ళలోకి చొచ్చుకెళ్ళిన నల్లరాళ్ళ గుట్ట, దాని మీద చిన్న గుడి. ఆ రాళ్ళకు పట్టే ఆల్చిప్పల్ని అక్కడ కల్లుమ్మక్కాయ అంటారు. బియ్యప్పిండి కూరి, ఆవిరికి ఉడికించి, కారం పట్టించి వేయిస్తారు. కోళికోడ్ వెళ్ళినవాళ్ళు అది తినకుండా రాకూడదని నా అభిప్రాయం.

పోర్చుగీసు నావికుడు వాస్కో డ గామా పేరు మీద ఇంత ప్రచారం ఉంది కదా, స్తంభం ఘనంగా ఉంటుందనుకుంటాం. ఘనంగా ఉండదు. పక్కనే ఇళ్ళున్న చోట, చిన్న స్తంభం, దానికి ఒక ఫలకం. 1498లో వాస్కో డ గామా ఇక్కడ, కప్పక్కడవులో దిగాడన్నదే దాని సారాంశం. అక్కడితో రాత అయిపోయింది.

సంవత్సరం ఉంది, నెల లేదు. ఆ నెల తెలిస్తే తప్ప ఈ కథ అర్థం కాదని నేననుకుంటున్నాను.

గామా ఓడలు కప్పాడ్ ఎదుట లంగరు వేసింది మే 20న. పడమటి తీరం మీద పుట్టిపెరిగిన ఏ జాలరిని అడిగినా ఆ తేదీ ఎంత ప్రమాదకరమో చెప్తాడు. పది పదిహేను రోజుల్లో నైరుతి వాన విరుచుకుపడుతుంది. సముద్రం అడుగు నుంచి లేస్తుంది. కేరళలో ఇప్పటికీ జూన్ రెండో వారం నుంచి జూలై 31 దాకా మరపడవల వేట నిషేధం. మన కాకినాడ, విశాఖల్లో ఆ నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది. రెండు తీరాలు, రెండు లెక్కలు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిబంధనే అది. కానీ పడమటి తీరంలో ఆ నిబంధన పుట్టకముందు కూడా ఆ రోజుల్లో రేవులు మూతపడేవి. కప్పాడ్‌లో టార్పాలిన్ కింద కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను అడిగాను, “ఇక్కా, ఈ నెలలో పెద్ద ఓడ ఇక్కడ ఆగగలదా?” అని. చేతిలో పని ఆపకుండానే, తమిళం కలిపిన మలయాళంలో, “ఆగితే రాళ్ళ మీదకే వస్తుంది. ఇడవప్పాది మొదలైతే మా చిన్న పడవే ఒడ్డెక్కిస్తాం” అన్నాడు. ఇడవప్పాది అంటే ఇడవ మాసం సగంలో మొదలయ్యే వాన. మనం మృగశిర కార్తె అన్నట్టే.

అరేబియా సముద్రం మీద గాలి ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. వేసవి చివర నుంచి నైరుతి గాలి ఆఫ్రికా, అరేబియాల నుంచి మన వైపు వీస్తుంది. నవంబరు తర్వాత ఈశాన్య గాలి మన తీరం నుంచి అటు వీస్తుంది. ఓడలన్నీ ఈ రెంటి మధ్య రాకపోకలు సర్దుకునేవి. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలోనే ఈజిప్టు నుంచి వచ్చే వర్తకులకు ఈ లెక్క తెలుసు. పద్నాలుగో శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ బతూతా కాలికట్ చేరేసరికి 13 చైనా ఓడలు రేవులో ఆగి ఉన్నాయి. అవి గాలి కోసం ఎదురు చూస్తున్నాయి. ఆయనా వాటితోపాటు మూడు నెలలు ఆగాడు. ఎంత పెద్ద ఓడైనా, ఏ దేశపు ఓడైనా, గాలి మారేదాకా ఆగవలసిందే. కాలికట్‌లో విడిదులు, గిడ్డంగులు, మసీదులు, వడ్డీ వ్యాపారులు ఇంతమంది చేరడానికి ఈ ఎదురుచూపే ఒక కారణం. నెలల తరబడి ఆగేవాడికి తిండీ, ఇల్లూ, నమ్మకస్తుడైన భాగస్వామీ కావాలి.

గామా 1497 జూలై 8న లిస్బన్ నుంచి నాలుగు ఓడలతో, 170 మంది దాకా మనుషులతో బయల్దేరాడు. ఆఫ్రికా దక్షిణ కొన చుట్టి రావడం నిజంగా గొప్ప సాహసం. అట్లాంటిక్‌లో తీరం కనబడకుండా అంత కాలం ప్రయాణం చేసిన యూరప్ నావికులు అంతకుముందు లేరు. దాన్ని తక్కువ చేయడం నాకిష్టం లేదు. అయితే తూర్పు ఆఫ్రికాలోని మలింది చేరాక ఆయనకు ముందు దారి తెలియదు. అక్కడి రాజు ఒక మార్గదర్శిని ఇచ్చాడు. ఏప్రిల్ 24న బయల్దేరిన ఓడలు 23 రోజులు సముద్రం దాటి, మే 18న మన తీరపు కొండలు చూశాయి. ఆ మార్గదర్శి పేరొందిన అరబ్బు నావికుడు ఇబ్న్ మాజిద్ అని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇప్పటి చరిత్రకారులు ఎక్కువమంది అది ఒప్పుకోరు. పదహారో శతాబ్దపు పోర్చుగీసు చరిత్రకారులు మాత్రం ఆయన గుజరాతీ అని రాశారు. ఎవరైతేనేం, నైరుతి గాలి బలపడకముందే దాన్ని వాడుకుని ఒడ్డు చేర్చగల లెక్క ఆయన చేతిలో ఉంది.

ఇక స్తంభం చెప్పే రెండో సంగతి, అంటే “ఇక్కడ దిగాడు” అన్నది చూద్దాం. ఆ ఓడల్లో వచ్చినవాడొకడు దినచర్య రాశాడు. పేరు రాసుకోలేదు, అల్వారో వెల్యో కావచ్చని పండితులు అంటారు. ఆ దినచర్య ప్రకారం మే 21న గామా తాను దిగలేదు. శిక్ష పడి ఓడలో తెచ్చిన ఒక ఖైదీని కాలికట్ పంపాడు. ప్రమాదం ఉంటే ముందు పోయేది అతని ప్రాణమే కదా. అతనికి అక్కడ ట్యునిస్ నుంచి వచ్చిన ఇద్దరు ముస్లిం వర్తకులు ఎదురయ్యారు. స్పెయిన్ భాషలో పలకరించారు, ఇంటికి తీసుకెళ్ళి గోధుమ రొట్టె, తేనె పెట్టారు. ప్రపంచం కొసదాకా వచ్చామనుకున్న మనిషికి మొదటి రోజే తనకు తెలిసిన మాట వినిపించింది.

ఆ తర్వాత కాలికట్ పాలకుడు సామూతిరి (యూరప్ వాళ్ళు జామోరిన్ అన్నది ఈయన్నే) తన మనిషిని పంపాడు. కప్పాడ్ దగ్గర అడుగంతా రాయి, లంగరుకు మంచిది కాదు, ఉత్తరంగా పంతలాయని రేవుకు పదండి, వచ్చే ఓడలన్నీ అక్కడే ఆగుతాయి అని చెప్పించాడు. ఆ మాట నిజమేనని దినచర్య రాసినవాడే ఒప్పుకున్నాడు. ఓడలు అక్కడికి కదిలాయి. కానీ రాజు పంపినవాడు చూపించినంత దగ్గరగా వీళ్ళు లంగరు వేయలేదు. నమ్మకం చాలలేదు. పంతలాయని అంటే ఇప్పటి కొయిలాండి పక్కన ఉన్న తీరం. మే 28న గామా 13 మందిని వెంటబెట్టుకుని ఒడ్డున దిగింది అక్కడ, స్తంభం ఉన్న చోట కాదు.

అయినా కప్పాడ్‌కు ఆయన రాలేదనడానికి లేదు. అదే రోజు పల్లకీలో, నేల దారిన, కాలికట్ వెళ్తూ కప్పాడ్‌లో ఆగాడు. ఊరి పెద్ద ఒకాయన ఇంట్లో విడిది. వెంట వచ్చినవాళ్ళకు అన్నం, దాని మీద బాగా వెన్న, ఉడికించిన చేప వడ్డించారు. చేప చాలా బాగుందని దినచర్య చెప్తోంది. గామా మాత్రం ముట్టుకోలేదు. అక్కణ్ణుంచి రెండు పడవలు జతకట్టి నది మీద తీసుకెళ్ళారు. కొన్ని వందల ఏళ్ళుగా చరిత్ర పుస్తకాలు “మొదటి అడుగు” గురించి రాశాయి. నాకు ఆ అన్నం పెట్టిన ఇల్లు ఎక్కడుండేదో తెలుసుకోవాలనిపించింది. ఫలకం మీద ఆ ఇంటి పెద్ద ఊసు లేదు.

దారిలో ఒక గుడి కనిపించింది. వీళ్ళు దాన్ని చర్చి అనుకున్నారు. గోడల మీద బొమ్మలకు పొడుచుకొచ్చిన కోరలు, నాలుగైదు చేతులు ఉన్నా, అవి తమ పునీతులే అనుకుని మోకరిల్లారు. హిందువులనే వేరే మతస్థులు ఉంటారన్న ఊహే వాళ్ళకు లేదు. ముస్లింలు కానివాళ్ళంతా క్రైస్తవులే అయ్యుంటారని నమ్మి వచ్చారు.

సామూతిరికి గామా తెచ్చిన కానుకలు చూస్తే జాలి వేస్తుంది. 12 చారల గుడ్డలు, 4 ఎర్ర టోపీ ముసుగులు, 6 టోపీలు, 4 పగడాల దండలు, చేతులు కడుక్కునే 6 పళ్ళేలు, ఒక పెట్టె పంచదార, రెండేసి పీపాల నూనె, తేనె. కొలువు అధికారులు నవ్వారు. మక్కా నుంచి వచ్చే బీద వర్తకుడు కూడా ఇంతకంటే ఎక్కువ ఇస్తాడన్నారు. మన కోరమాండల్ నేత బట్ట, చైనా పట్టు, ఎర్రసముద్రపు బంగారం రోజూ చూసే కళ్ళవి. ఆ తర్వాత సుంకం దగ్గర పేచీ వచ్చింది. రేవు ఆచారం ప్రకారం కట్టవలసిన సొమ్ము కట్టడానికి గామా ఒప్పుకోలేదు. ఒడ్డున తన మనుషుల్ని ఆపితే, ఓడలోకి వచ్చిన వాళ్ళను తాను బందీలుగా పట్టుకున్నాడు. చివరికి ఆగస్టు 29న, కొందరు బందీలను ఓడలోనే ఉంచుకుని, తెరచాప ఎత్తాడు.

మళ్ళీ నెల దగ్గరికి వచ్చాం. ఆగస్టు చివర ఆఫ్రికా వైపు వీచే గాలి ఇంకా పుట్టదు. నవంబరు దాకా ఆగాలి. రేవుతో గొడవ పెట్టుకున్నవాడు ఆగలేడు, అది నిజమే. కానీ ఆ తొందరకు మూల్యం కట్టింది ఓడలో పనిచేసే మామూలు మనుషులు. కార్వార్ దగ్గరి అంజదీవ్‌లో ఓడలు బాగుచేసుకుని అక్టోబరు 5న సముద్రం మీదకు వెళ్ళారు. వచ్చేటప్పుడు 23 రోజులు పట్టిన దూరం, పోయేటప్పుడు మూడు నెలలకు మూడు రోజులు తక్కువ పట్టింది. గాలి ఆడలేదు, ఆడితే ఎదురుగా వీచింది. తాజా ఆహారం లేక చిగుళ్ళు పళ్ళను కప్పేసేంతగా వాచాయి. తినడానికి వీల్లేకపోయింది. కాళ్ళ వాపు ఒళ్ళంతా పాకింది. 30 మంది చనిపోయారు. అంతకుముందే దాదాపు అంతమంది పోయారు. ఒక్కో ఓడకు పనిచేయగలిగినవాళ్ళు ఏడెనిమిది మంది మిగిలారు, వాళ్ళకీ ఒంట్లో బాగాలేదు. గాలి అనుకూలిస్తే వెనక్కి, ఇండియాకే పోదామని నాయకులు మాట్లాడుకున్నారు కూడా. అప్పుడు గాలి మారింది. ఆరు రోజుల్లో నేల కనిపించింది. అది 1499 జనవరి 2, మొగదిషు తీరం.

దినచర్య దాన్ని దేవుడి కరుణ అన్నది. కాలికట్ రేవులో కూర్చున్న ఏ నఖుదా (ఓడ నాయకుడు) అయినా అది ఈశాన్య గాలి అనేవాడు. నడపడానికి మనుషుల్లేక సావో రఫేల్ ఓడను కొద్ది రోజుల్లోనే తగలబెట్టవలసి వచ్చింది. గామా అన్న పౌలో ఇల్లు చేరకముందే అజోర్స్ దీవుల్లో చనిపోయాడు. బయల్దేరినవాళ్ళలో సగానికి పైగా తిరిగి రాలేదు. ఆ తర్వాత పోర్చుగీసు నౌకాదళాలు డిసెంబరు, జనవరి నెలల్లో మలబారు నుంచి బయల్దేరడం అలవాటు చేసుకున్నాయి. ఈ తీరపు లెక్కనే వాళ్ళూ నేర్చుకున్నారు.

అందుకే గామా దారి కనుక్కున్నాడన్న మాట నాకు సగమే సరిగా అనిపిస్తుంది. యూరప్ నుంచి ఆఫ్రికా చుట్టి ఒక కొత్త దారి వేశాడు, అది నిజం. దాన్ని అప్పటికే నడుస్తున్న, నెలలు లెక్కగట్టిన పాత దారిలో కలిపాడు. ఆ పాత దారిలో లేనిది ఒకటి మాత్రం ఆయన తెచ్చాడు. సముద్రం ఒకరి సొంతమనే దావా.

అది 1502లో బయటపడింది. రెండోసారి ఫిరంగులతో వచ్చిన గామా, హజ్ ముగించుకుని తిరిగొస్తున్న మీరీ అనే ఓడను కన్ననూరు ఎదుట పట్టుకున్నాడు. అందులో వందల మంది యాత్రికులు, ఆడవాళ్ళు, పిల్లలు. సొమ్మంతా ఇస్తామన్నా వినకుండా తగలబెట్టించాడు. ఇది శత్రువులు కట్టిన కథ కాదు. ఆ దళంలోనే ఉన్న తొమే లోపెస్ అనే పోర్చుగీసు ఉద్యోగి కళ్ళారా చూసి రాశాడు. తల్లులు నగలు చూపిస్తూ, పసిపిల్లల్ని పైకెత్తి బతిమాలుకున్నారని, ఆ రోజును బతికినంతకాలం మరచిపోలేనని అతను రాశాడు. తర్వాత గామా కాలికట్ ముందు నిలబడి ఊళ్ళోని ముస్లింలందర్నీ వెళ్ళగొట్టమన్నాడు. సామూతిరి ఒప్పుకోలేదు. సముద్రం మీద పట్టుబడ్డ జాలర్లను తెరచాప కొయ్యలకు ఉరితీసి, చేతులూ కాళ్ళూ నరికి పడవలో ఒడ్డుకు పంపి, ఊరిమీద ఫిరంగులు పేల్చాడు. కప్పాడ్ స్తంభానికి ఎదురుగా నిలబడితే ఆ నీళ్ళే కనిపిస్తాయి. ఆ ఒడ్డున ఇప్పటికీ వలలు బాగుచేసుకునేవాళ్ళు జాలర్లే. 1998లో గామా రాకకు 500 ఏళ్ళు నిండినప్పుడు ఉత్సవాల మాట ఎత్తితే కేరళ, గోవాల్లో జనం ఎందుకు అడ్డం తిరిగారో ఇక్కడ నిలబడ్డవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

చేతిలో ఇంకో పూట ఉంటే కోళికోడ్‌లో కుట్టిచ్చిర పేటకు నడిచి వెళ్ళండి. కోనేటి గట్టున, కొయ్య కిటికీలతో, ఒకదాని మీద ఒకటిగా పెంకుటి కప్పులతో మిష్కాల్ మసీదు ఉంది. పద్నాలుగో శతాబ్దంలో ఆ పేరు గల ఓడల యజమాని కట్టించాడు. 1510 జనవరి 3న పోర్చుగీసులు దాడి చేసి నిప్పు పెట్టారు. పై అంతస్తు కొయ్య మీద ఆ కాలిన గుర్తులు ఇంకా ఉన్నాయి. తర్వాత సామూతిరి గెలిచి పడగొట్టిన చాలియం కోట కలపతో దీన్ని బాగుచేశారని పేటలో చెప్పుకుంటారు. మినార్ లేదు, గుమ్మటం లేదు, చూడడానికి కేరళ గుడిలాగే ఉంటుంది. కప్పాడ్ స్తంభానికి పది నిమిషాలు కేటాయిస్తే దీనికి ఒక సాయంత్రం కేటాయించమని నా సలహా. లోపలికి వెళ్ళాలంటే నమాజు వేళ చూసుకుని, అక్కడున్న పెద్దల్ని అడగాలి.

ఈ ఊళ్ళో ఉండవలసిన మరో రాయి లేదు. గామాకు 91 ఏళ్ళ ముందు, 1407లో, చైనా నుంచి వచ్చిన చెంగ్ హో నౌకాదళం కాలికట్‌లో ఒక శిలాఫలకం నిలిపిందని ఆ ప్రయాణాల్లో పాల్గొన్న మా హువాన్ రాశాడు. చైనాకూ ఈ రేవుకూ స్నేహం గుర్తుగా పెట్టిన ఆ రాయి జాడ ఇంతవరకూ దొరకలేదు.

గామా చివరి మజిలీ కొచ్చి. కోళికోడ్ నుంచి జనరల్ బోగీలో ఎర్నాకుళం, అక్కణ్ణుంచి చిల్లర డబ్బులతో టికెట్ దొరికే సర్కారీ పడవలో ఫోర్ట్ కొచ్చి. 1524లో వైస్రాయిగా మూడోసారి వచ్చిన గామా మూడు నెలలకే, డిసెంబరు 24న, ఇక్కడ చనిపోయాడు. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పూడ్చిన చోట నేలరాయి చుట్టూ కమ్మీ కట్టారు. ఎముకలు మాత్రం 1539 నాటికే పోర్చుగల్ వెళ్ళిపోయాయి. తల పైన, తాళ్ళతో లాగే పాతకాలపు పంకాలు ఇంకా వేలాడుతున్నాయి. ఆ తాళ్ళు గోడ రంధ్రాల్లోంచి బయటికి పోతాయి, లాగే పనివాళ్ళు ఎండలో బయట కూర్చునేవారు. ఒక గోడకు పోర్చుగీసు సమాధి రాళ్ళు, ఎదురు గోడకు 1663లో ఊరు గెలిచిన డచ్చివాళ్ళవి.

వచ్చే భాగంలో మళ్ళీ ఉత్తరానికి, కొయిలాండి దాటి ఇరింగల్ వెళ్దాం. సామూతిరి నౌకాదళాన్ని నాలుగు తరాలు నడిపించిన కుంజాలి మరక్కార్ల కోట ఉన్న చోటు అది. వాళ్ళ పేరు మీద ఇప్పుడక్కడ చిన్న మ్యూజియం ఉంది. నాలుగో కుంజాలిని 1600లో గోవాలో చంపారు. ఆయన కోటను ముట్టడించింది పోర్చుగీసులు ఒక్కరే కాదు, సామూతిరి సైన్యం కూడా వాళ్ళ పక్కన నిలబడింది. వందేళ్ళు తన సముద్రాన్ని కాపాడిన వంశం మీదకు ఆ రాజు ఎందుకు వెళ్ళాడో అప్పుడు చూద్దాం.